మూడంగుళాల మందు

శకుంతల గారు అన్నారట. ఎవరితోనంటే పక్కింటి అనితతో. ఆ మాట అనిత కడుపులో పూటైనా నిలవలేదు. ఇండియన్ స్టోర్లో కరివేపాకు ఏరుకుంటున్న శాంతను పట్టుకుని, "మీకు తెలియాలని చెబుతున్నా వదినా, నా పేరు మాత్రం బయటికి రానీయకండి" అంటూ మొత్తం దించేసింది. శాంత ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడికి అప్పజెప్పింది.

"ఏమన్నదో తెలుసా ఆవిడ? 'వీరభద్రం గారి పొట్టిపిల్లాడికి బాస్కెట్‌బాల్ ఆడే ఉద్యోగం వచ్చిందట. జీతం కూడా ఇస్తారట. బెంచీ మీద కూర్చోబెడితే కాళ్ళు నేలకానతాయో లేదో మరి! అయినా అప్పట్లో ఆ డ్రగ్స్ గొడవలో అసలు తిన్నది వీడేనట గదా. తను తప్పించుకోడానికి పాపం ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడి నెత్తిన రుద్దాడట.' ఇదీ మాట! పెద్ద ప్రొఫెసర్ గారి భార్య. నోరా అది, తాటిమట్టా?"

ఉల్లిపాయలు తరుగుతున్న వీరభద్రం కత్తి ఆపాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? మావాడు టీవీలో చెప్పింది వాళ్ళు చూడలేదా అన్నాను. ఆ జెరోమ్ చేసినదానికి రెండేళ్ళు ఆట పోగొట్టుకుని కూడా, నాకు వాడి మీద కోపం లేదు, ఎప్పుడో క్షమించేశాను అని ఊరందరి ముందు అన్నాడు. అంత మనసు వాళ్ళ పిల్లలకుందా అన్నాను. అనిత నోరు మూసుకుంది."

వీరభద్రం మళ్ళీ కత్తి ఆడించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయ చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే శాంత అడిగేది.

శకుంతల గారి మాటలో సగం అబద్ధం. మిగతా సగం ఆవిడకంటే వీరభద్రానికే బాగా తెలుసు. మందు తిన్నది కొడుకు తారకే. తెలిసి తినలేదు. పెట్టినవాడు వీరభద్రం. ఆ సంగతి ఈ దేశంలో ఆయన ఒక్కడికే తెలుసు.

వీరభద్రం సొంతూరు కందుకూరు అవతల ఒక మెట్ట పల్లె. ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాడు లేడు. పొట్టివాడని గిద్ద వీరభద్రం అనేవారు. బళ్ళో ప్రార్థనకి ముందు వరసలో నిలబెట్టేవారు, పెళ్ళిచూపుల్లో కూర్చున్న కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు. డిప్లమా చదివి, వెల్డింగు పరీక్షలు పాసై, ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి పనివాళ్ళని పిలిపించుకునే ప్రావిన్స్ వీసాకి అప్లై చేసి విన్నిపెగ్ చేరాడు. బస్సులు కట్టే ఫ్యాక్టరీలో అతుకులు బాగా కుదిరాయో లేదో చూసే పని. అతుకు ఎంత నున్నగా ఉన్నా లోపల బుడగ ఉంటే ఆయన కంటికి దొరికిపోతుంది. ఇంట్లో మాత్రం ఆ బుడగ మీదే నాలుగేళ్ళుగా రంగు వేసుకుంటూ వచ్చాడు.

తారక్ ఒక్కడే కొడుకు. ఊళ్ళో పుట్టాడు గానీ ఇక్కడే పెరిగాడు. ఈ ఊరి చలికాలం సంగతి తెలిసిందే, పిల్లాడు ఎగరాలన్నా దూకాలన్నా నాలుగు గోడల మధ్యే. కమ్యూనిటీ సెంటర్లో బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. అక్కడే జెరోమ్ దొరికాడు. జెరోమ్ వాళ్ళమ్మ మారిటెస్, శాంత ఇద్దరిదీ ముసలివాళ్ళ హోమ్‌లో ఒకే కిచెన్‌లో పని. తెల్లవారుజామున మారిటెస్ కారు వీధిలో హారన్ కొడితే శాంత లంచ్ డబ్బా చంకన పెట్టుకుని పరిగెత్తేది. ఆ కారులో హీటర్ పనిచేసేది కాదు, ఇద్దరూ ఒకే దుప్పటి కాళ్ళ మీద కప్పుకునేవారు. పిల్లలిద్దరూ ఒక ఇంట్లో తిని ఒక ఇంట్లో పడుకునేవారు.

తారక్ ఆట చూడాలి. బంతి వాడి చేతికీ నేలకీ మధ్య పెంపుడు పిల్లిలా తిరిగేది. తాటిచెట్టంత వాళ్ళు చేతులు చాపి నిలబడితే వాళ్ళ చంకల కిందనుంచి దూరి, వాళ్ళు వెనక్కి తిరిగేలోగా వేళ్ళ చివరలతో బంతిని గుమ్మటంలా పైకి లేపేవాడు. అది ఎవరి చేతికీ అందకుండా వెళ్ళి రింగులో పడేది. అయినా చూడ్డానికి వచ్చిన కాలేజీ కోచ్‌లకి వాడి ఆటకంటే ముందు వాడి తల ఎక్కడిదాకా వస్తుందో కనబడేది. బ్రాంప్టన్ వైపు నుంచి ఒకాయన విమానమెక్కి మరీ వచ్చి, వార్మప్‌లోనే వీణ్ణి చూసి, వేసుకున్న కోటైనా విప్పకుండా వెళ్ళిపోయాడు. చివరికి ఈ ఊళ్ళోనే ఒక యూనివర్సిటీ కోచ్ వీణ్ణీ జెరోమ్‌నీ కలిపి తీసుకున్నాడు.

రెండో ఏడు ఒక మ్యాచ్‌కి వీరభద్రం ఫ్యాక్టరీ బట్టలతోనే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. వెనక మెట్టు మీద ఒకాయన పక్కవాడితో, "ఆ బుడ్డోణ్ణి చూశావా? నీళ్ళ సీసాలు అందించే పిల్లాడనుకున్నా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వీరభద్రం కూడా నవ్వాడు. అదేం నవ్వో ఆయనకే తెలియదు, పెదాలు వాటంతట అవే సాగాయి. ఆయన వంక ఆ పెద్దమనిషి స్నేహంగా వంగి, "నీకు తెలుసా ఆ అబ్బాయి?" అని అడిగాడు. వీరభద్రం తల అడ్డంగా ఊపాడు.

సరిగ్గా అప్పుడే తారక్ తండ్రి కోసం మెట్ల వైపు చూసి చెయ్యెత్తాడు. వీరభద్రం వంగి బూటు తాడు కట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక తను పడ్డవన్నీ కొడుకూ పడాలా అనుకున్నాడు. కొడుకు తలవంపులు పడుతున్నాడనుకున్నాడు గానీ, ఆ రోజు తల వంచుకున్నది ఎవరో ఆలోచించలేదు. చిన్ననాటి స్నేహితుడు భీమారావుకి ఫోన్ చేశాడు.

"ఓరి పిచ్చోడా, ఇంతకాలం అడగవేందిరా!" అన్నాడు భీమారావు. "మన పక్కూళ్ళో కొమరయ్య అని ఒకాయన ఉన్నాడు. పొడి ఇస్తాడు. మన అంజయ్య మనవడు కిట్టు లేడూ? ఏడాదిలో గుమ్మం తగిలేట్టు అయ్యాడు. మూడంగుళాలు గ్యారంటీ."

"ఇరవై ఏళ్ళు దాటినోడికి పెరుగుద్దంటావా?"

"నువ్వు నమ్మి పెట్టరా. నమ్మకం లేకుండా పెడితే పాలు కూడా ఒంటికి పట్టవు."

హైదరాబాద్ నుంచి వస్తున్న ఒక ఐటీ కుర్రాడి సూట్‌కేసులో, ఆవకాయ పక్కన, 'శొంఠి పొడి' అని చీటీ అంటించుకుని ఆ మందు విన్నిపెగ్ వచ్చింది. తారక్‌కి చెప్తే తినడు. వాడికి తన ఎత్తుతో పేచీ లేదు. అది తండ్రి పేచీ. శాంతకు చెప్తే తిననివ్వదు. మరి దారేది? వాడికి సున్నుండలంటే ప్రాణం. మ్యాచ్‌లకి వేరే ఊళ్ళకి బస్సులో పోయేటప్పుడు డబ్బా నిండా పట్టుకెళ్ళేవాడు. ఆదివారం మినుములు వేయించడం, మిక్సీలో విసరడం వీరభద్రం పని. నెయ్యి కాచి ఉండ చుట్టడం శాంత పని. ఆవిడ బట్టలు మడతపెట్టే వేళ చూసి పిండిలో పొడి కలిపేశాడు. చేదు తెలియకుండా బెల్లం ఒక పిడికెడు ఎక్కువ వేశాడు.

శీతాకాలమంతా అదే వరస. కొడుకు అంగుళం కాదు గదా, గోరంత కూడా పెరగలేదు. భుజాలు మాత్రం బిగిశాయి. "మందు ముందు అడ్డానికి పట్టుద్ది, తర్వాత నిలువుకి" అని భీమారావు ధైర్యం చెప్పాడు.

ఆ తర్వాత ఒక మ్యాచ్ అవగానే డ్రగ్ టెస్ట్‌కి చీటీలు తీశారు. తారక్ పేరు వచ్చింది. కొన్ని వారాలకి ఫలితమొచ్చింది. కండలు పెంచే నిషేధించిన మందు ఏదో వాడి ఒంట్లో ఉందన్నారు.

వాడు వంటింటి నేల మీద కూలబడి ఏడ్చిన ఏడుపు ఆ ఇంటి గోడలకి కూడా గుర్తుంటుంది. "నేనేం తినలేదమ్మా, ఒట్టు, నేనేం తినలేదు" అంటూ శాంత కాళ్ళు పట్టుకున్నాడు. వీరభద్రం బేస్‌మెంట్‌లోకి దిగి ఊరికి ఫోన్ చేశాడు.

"ఒరే భీమా, ఆ పొడిలో ఏం కలుపుతాడురా ఆయన?"

"ఏవో వేళ్ళు, ఆకులు. ఇంకా ఏదో ఇంగ్లీషు బిళ్ళ కూడా నూరి వేస్తాడంట. కుస్తీ కుర్రాళ్ళకి కండ పట్టడానికి ఇస్తారు చూడు, అది."

"ముందే చెప్పొద్దంట్రా?"

"చెప్తే కొంటావా? వట్టి ఆకులు తింటే మనిషి ఎదుగుతాడంట్రా? మేకలన్నీ ఎదిగేవి గదా!"

వీరభద్రం మెట్లెక్కి పైకొచ్చాడు. చెప్పేద్దామనే వచ్చాడు. అప్పటికి తారక్ ఏడుపాపి ఒక ఆలోచన చేస్తున్నాడు. ఏం తిన్నాను, ఏం తాగాను అని వెనక్కి వెనక్కి వెళ్ళి, జెరోమ్ తెచ్చిన ప్రోటీన్ డబ్బా దగ్గర ఆగాడు. ఇద్దరూ కలిసి తాగిందది. డబ్బా ఖాళీ అయి ఎప్పుడో చెత్తలోకి పోయింది. జెరోమ్ దాన్ని కొన్నది కూడా జిమ్‌లో ఎవరో తెలియనివాడి దగ్గర.

"అదే అయుంటుంది, కదా నాన్నా?" అన్నాడు తారక్. ఆశగా చూశాడు.

వీరభద్రం నోరు తెరిచి, "అయుండొచ్చు" అన్నాడు.

ఆ ఒక్కమాట చాలింది. తారక్ కోచ్‌కి చెప్పాడు, యూనివర్సిటీ వాళ్ళకి చెప్పాడు. జెరోమ్ కొట్లాడలేదు, తిట్టలేదు. "నన్నూ టెస్ట్ చేయండి, అదే డబ్బా నేనూ తాగాను" అన్నాడట. ఆ సంగతి విని వీరభద్రం భయపడ్డాడు. సున్నుండల డబ్బాలో జెరోమ్ చెయ్యి కూడా పడేది మరి. కానీ రెండో కేసు బయటపడితే టీమ్ పరువే పోతుందని కోచ్ టెస్టూ లేదు గిస్టూ లేదన్నాడు. తారక్‌కి రెండేళ్ళు ఆట ఆపేశారు. జెరోమ్‌ని మర్నాటి నుంచి ప్రాక్టీస్‌కి రావద్దన్నారు. దానికి శిక్ష అని ఎవరూ పేరు పెట్టలేదు. వాడు చదువు కూడా ఆ టర్మ్‌తోనే మానేసి టైర్ల షాపులో చేరాడు.

మారిటెస్ కారు హారన్ మళ్ళీ వినబడలేదు. శాంత ఎముకలు కొరికే చలిలో బస్సెక్కి పనికి పోయింది. "మొహమున్నవాళ్ళయితే వచ్చి ఒక్క మాట అనేవాళ్ళు" అనేది ఆవిడ ప్రతి చలికాలం. వీరభద్రం ఊఁ కొట్టేవాడు. సున్నుండలు చేద్దామంటే, డాక్టర్ నెయ్యి మానేయమన్నాడని చెప్పి మిక్సీ ముట్టుకోలేదు.

ఆ రెండేళ్ళూ తారక్ కమ్యూనిటీ సెంటర్లో ఒంటరిగా ఆడుకున్నాడు. చిన్నప్పుడు ఏ మూల జెరోమ్ నిలబడి బంతి అందించేవాడో, ఆ మూల ఒక ప్లాస్టిక్ కుర్చీ పెట్టి దానికి పాస్‌లు విసిరేవాడు. ఒకసారి వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళిన వీరభద్రం ఆ కుర్చీని తలుపు అద్దంలోంచి చూసి, లోపలికి పోలేక వెనక్కొచ్చి కారులో కూర్చున్నాడు.

గడువు తీరాక వాడు కసిగా ఆడాడు. ఆఖరి ఏడు టీమ్‌ని నెత్తిన మోశాడు. ఇప్పుడు ఎండాకాలంలో ఆడే ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక టీమ్ వాణ్ణి తీసుకుంది. ప్రాక్టీస్ మొదటిరోజు ఎవరో వాడి లాకర్ ముందు పిల్లలెక్కే చిన్న స్టూలు పెట్టారట. తారక్ ఆ స్టూలెక్కి నిలబడి, "ఇప్పుడు అందరూ నాకు స్పష్టంగా కనబడుతున్నారు, థాంక్యూ" అన్నాడట. ఆ రోజు నుంచి వాళ్ళు వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. ఇంటికొచ్చి వాడే చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. శాంత నవ్వింది. వీరభద్రం నవ్వలేకపోయాడు. వాడికి మందే అక్కర్లేదని, ఎన్నడూ అక్కర్లేకపోయిందని, అప్పుడు బాగా అర్థమైంది.

ఆ తర్వాతే లోకల్ టీవీ వాళ్ళు ఇంటికొచ్చింది. చిన్నవాడి పెద్ద కథ అని వాళ్ళ సరదా. సోఫాలో తారక్‌ని మధ్యన, తల్లిదండ్రులను చెరోపక్క కూర్చోబెట్టారు. సస్పెన్షన్ సంగతి అడిగితే, "నా స్నేహితుడి వల్ల జరిగింది. నేను వాణ్ణి క్షమించేశాను" అన్నాడు తారక్. వాడి మాటలో కపటం లేదు. నిజంగానే క్షమించాడు. వాడి భుజం వీరభద్రం భుజానికి ఆని ఉంది. కెమెరా ఎర్రచుక్క వెలుగుతూ ఉంది. ప్రశ్నలడుగుతున్న టీవీ అమ్మాయి వీరభద్రం వైపు తిరిగి, "తండ్రిగా మీకెలా అనిపిస్తోంది?" అని అడిగింది. "గర్వంగా ఉంది" అన్నాడు వీరభద్రం.

శకుంతల గారి మాట ఇంటికి చేరింది ఆ వారంలోనే. దాని మర్నాడే శాంత పనిలోంచి మొహం మాడ్చుకుని వచ్చింది.

"ఇన్నేళ్ళకి మారిటెస్ నాతో మాట్లాడిందండీ ఇవాళ" అంది. "మాటంటే మాటా! కమ్యూనిటీ సెంటర్లో పిల్లల టీమ్‌కి జెరోమ్‌ని కోచ్‌గా పెట్టుకుందామని అనుకున్నారట. ఖాయమైపోయిందట కూడా. మనవాడు టీవీలో మాట్లాడాక, తల్లిదండ్రులెవరో అభ్యంతరం చెప్పారని, సోమవారం మీటింగులో మళ్ళీ ఆలోచిస్తామన్నారట. 'నీ కొడుకు క్షమించినందుకు నా కొడుకు ఇంకా ఏమేం పోగొట్టుకోవాలి శాంతా?' అంది. నాకు కోపం రావాలి గదా? రాలేదు. ఎందుకో ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను."

శనివారం మధ్యాహ్నం తారక్ బ్యాగు సర్దుకోడానికి వచ్చాడు. మొదటి మ్యాచ్ వాంకూవర్ వైపు, రేపు పొద్దున విమానం. శాంత పొయ్యి మీద మూకుడు పెట్టి మినుములు వేయిస్తోంది. ఇల్లంతా కమ్మటి వాసన.

"మీ నెయ్యి పథ్యం మీరుంచుకోండి. పిల్లాడు తొలిసారి ప్రొఫెషనల్‌గా ఆడబోతున్నాడు, ఉత్తచేతులతో పంపను. మిక్సీ పట్టండి" అంది.

వీరభద్రం మిక్సీ దగ్గరకి వెళ్ళాడు. మొదటి వాయి వేడి మినుములు గిన్నెలో పోశాడు. మూత పెట్టాడు. బటన్ నొక్కలేదు.

"నాన్నా, ప్లగ్ పెట్టలేదు నువ్వు" అన్నాడు తారక్ బ్యాగు జిప్పు లాగుతూ.

"జెరోమ్ డబ్బాలో ఏం లేదురా" అన్నాడు వీరభద్రం.

"ఏ డబ్బా?"

"ప్రోటీన్ డబ్బా. అందులో ఏం లేదు. మందు నేను కలిపా. వీటిల్లో. ఎత్తు పెరుగుతావని ఊళ్ళోంచి తెప్పించి, పిండిలో కలిపి పెట్టా."

శాంత రెండో వాయిలో గరిటె తిప్పుతూనే ఉంది. వినబడి కూడా చెయ్యి ఆగలేదు. మినుములు మాడిన వాసన వచ్చాక స్టవ్ ఆపి, తన అరచేతులు తిరగేసి చూసుకుంది.

"చుట్టింది నేను గదండీ" అంది. "నా చేత్తో చుట్టి నా చేత్తో డబ్బాకెత్తాను."

తారక్ కుర్చీలో కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాడు వీరభద్రం. అరిస్తే బాగుండేది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"టెస్ట్ సంగతి వచ్చిన రోజే. బేస్‌మెంట్‌లోంచి ఊరికి ఫోన్ చేశా."

"అంటే, జెరోమ్ డబ్బానే అయుంటుంది కదా అని నేను అడిగినప్పటికే?"

"ఊఁ."

"టీవీ వాళ్ళొచ్చినప్పుడు నా పక్కనే కూర్చున్నావు నాన్నా." వాడి తెలుగు అక్కడ తెగిపోయి ఇంగ్లీషులోకి దొర్లింది. నన్ను వెధవని చేశావన్నాడు. రెండేళ్ళు పోతే పోయాయి, అవి నావి, కానీ నా నోటితో వాడి గొంతు కోయించావన్నాడు. లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

"పదండి. నాన్నా, నువ్వు చెప్పాలి. నేను చెప్పను, నువ్వే చెప్పాలి."

ఆ ఇల్లు ఊరికి ఆ చివర. మంచు కరిగి రోడ్లన్నీ గుంతలు. వెనక సీట్లో శాంత ఏడుస్తోందో లేదో అద్దంలో చూసే ధైర్యం వీరభద్రానికి లేదు. ఫ్యాక్టరీలో అతుకు విరిగితే బస్సు వెనక్కి వస్తుంది, మళ్ళీ కోసి అతికిస్తారు. ఈ అతుకు ఎక్కడ కోయాలో ఆయనకి తెలియదు.

తలుపు తీసింది జెరోమే. టైర్ల షాపు చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. గోళ్ళ కింద నల్లమట్టి. తారక్‌ని చూసి తలుపు సగం మూయబోయి, వెనక శాంతను చూసి ఆగాడు. "ఆంటీ" అన్నాడు అలవాటుగా. ఆ పిలుపుకి శాంత కొంగు నోట్లో కుక్కుకుంది.

లోపల్నుంచి మారిటెస్ వచ్చింది. రమ్మనలేదు. వీరభద్రం గడప బయటే నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. పొడి సంగతి, ఉండల సంగతి, భీమారావు సంగతి, అయుండొచ్చు అన్న సంగతి. ఫ్యాక్టరీలో రిపోర్టు ఇచ్చినట్టు చెప్పాడు. ఇంకోలా చెప్పడం చేతకాలేదు.

జెరోమ్ అంతా విని, "అవేనా? ఆ గోధుమరంగు లడ్డూలు?" అన్నాడు. "బస్సులో వీడు నిద్రపోతే సగం నేనే తినేవాణ్ణి." నవ్వబోయాడు. నవ్వు మధ్యలో మొహం మారిపోయింది. తల్లి వైపు చూశాడు. మారిటెస్ చెయ్యి కొడుకు మోచేతి మీదకి పోయింది.

"నేను ఇప్పుడే సెంటర్ వాళ్ళకి ఫోన్ చేస్తాను" అన్నాడు తారక్. "టీవీ వాళ్ళకీ చెప్తాను. మా కోచ్‌కీ చెప్తాను. నన్ను ఉంచితే ఉంచుతారు, లేకపోతే లేదు. జెరోమ్, నేను నిన్ను..."

"చెప్పు. సోమవారంలోగా చెప్పు" అన్నాడు జెరోమ్. "నాకు ఆ పిల్లల టీమ్ కావాలి. మిగతాది తర్వాత చూద్దాం." చెయ్యి చాపలేదు. తారక్ చాపిన చెయ్యి కాసేపు గాల్లో ఉండి, జేబులోకి పోయింది.

గడపకి అటొకడు, ఇటొకడు. ఇద్దరి భుజాలూ సరిసమానంగా ఉన్నాయి, ఇద్దరి తలల మీదుగా వెనక గోడ మీది గడియారం కనబడుతోంది. వీరభద్రం అదేమీ గమనించలేదు. ఏదో ఒకటి అనాలి, తను మరీ అంత పాపిష్ఠివాడు కాదని ఎవరైనా ఒక్కరు ఒప్పుకోవాలి.

"మారిటెస్, నువ్వూ కన్నదానివే" అన్నాడు. "పొట్టివాడంటే లోకం ఎట్లా చూస్తుందో నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ పడ్డాను. నా బిడ్డ కూడా పడకూడదని, ఆ బాధతో చేశాను. తండ్రి మనసు. అది నీకు అర్థమవుతుంది."

మారిటెస్ ఆయన వంక నిదానంగా చూసింది.

"నా కొడుకూ అంతే ఎత్తు" అంది. "వాడి తిండిలో నేనేమీ కలపలేదు."